ఫినాయిలక్క మూడు నిమిషాలు

మా పెద్దమ్మకి నగరం నడిబొడ్డున పన్నెండు గదులుండేవి. ఈ మాట చెప్పి మా పెదనాన్న కొత్తవాళ్ళని ఆటపట్టించేవాడు. మా ఆవిడకేం, సెంటర్లో పన్నెండు గదులు అనేవాడు. వినేవాళ్ళ కళ్ళు పెద్దవయ్యేదాకా ఆగి, అన్నీ బాత్రూములే అని ముగించేవాడు. పెద్దమ్మ నవ్వేదీ కాదు, కోప్పడేదీ కాదు. ఏడు ఆడవాళ్ళవి, అయిదు మగవాళ్ళవి అని మాత్రం సరిచేసేది.

నాలుగు రోడ్లు కలిసే పెద్ద కూడలిలో, పాత బస్టాండు గోడనానుకుని ఉండేది ఆ కట్టడం. పైన రేకులు, లోపల తెల్ల పలకలు, గుమ్మం దగ్గర ఒక ఎత్తు స్టూలు, పక్కన చిన్న బల్ల, దాని మీద సబ్బుబిళ్ళ. నగరపాలక సంస్థ నడిపేది కాబట్టి ఎవరైనా ఊరికే వెళ్ళి రావచ్చు. మగవాళ్ళ వైపు వేరే ఆయన చూసుకునేవాడు. ఆడవాళ్ళ వైపు ఇరవై ఆరేళ్ళు మా పెద్దమ్మదే రాజ్యం. చుట్టుపక్కల కొట్లలో పనిచేసే అమ్మాయిలు ఆమెని ఫినాయిలక్క అని పిలిచేవాళ్ళు. నిజానికి ఆమె దగ్గర ఫినాయిలు వాసన పెద్దగా వచ్చేది కాదు. ఆ వాసన గుప్పున కొడుతోందంటే అడుగున సరిగా కడగలేదని అర్థం అనేది.

పొద్దున్న అయిదున్నరకి తాళం తీసేది. ముందు కిటికీలన్నీ తెరిచి, గుమ్మంలో కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడేది. ఏ గదిలో తేడా ఉందో ఆమె ముక్కు అక్కడే పట్టేసేది. ఫ్లష్ డబ్బాలో వాషరు అరిగినా, గడియ వదులైనా సంస్థకి కాగితం పెట్టి నెలలు ఎదురుచూసే ఓపిక ఆమెకి లేదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక పట్టకారు, పాత డబ్బా నిండా వాషర్లు స్టూలు కింద ఉంచుకునేది. ఆమె చేరిన కొత్తలో ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియక పళ్ళతో పట్టుకునేవాళ్ళట. అది చూసి వారం తిరక్కుండా ఏడు తలుపులకీ లోపలివైపు కొక్కేలు బిగించింది. నేల వాలు తిరగబడి ఉండి నీళ్ళు గుమ్మం దగ్గర మడుగు కట్టేవి. ఒక తాపీమేస్త్రిని బతిమాలి పిలుచుకొచ్చి, దగ్గరుండి నేల కొట్టించి, కాలవ తీయించింది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆమె ఈ పనికి ఎలా వచ్చిందో చెప్పాలి. పెళ్ళైన కొత్తలో పెద్దమ్మ రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. అక్కడ బాత్రూముకి వెళ్ళాలంటే షిఫ్టుకి రెండు బిళ్ళలిచ్చేవాళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ ఒక బిళ్ళ గుమ్మంలో ఇవ్వాలి. మూడోసారి వెళ్ళాల్సి వస్తే సూపర్‌వైజరు ముందు నిలబడి కారణం చెప్పుకోవాలి. ఒకరోజు పక్క మిషను మీద కుట్టే ఆవిడ, నోరు తెరిచి కారణం చెప్పలేక, కూర్చున్న చోటే కుర్చీ తడుపుకుంది. నలుగురూ చూశారు. మర్నాడు ఆవిడ పనిలోకి రాలేదు, ఆ తరవాతా రాలేదు. వారం రోజులు ఆ ఖాళీ కుర్చీని పక్కన పెట్టుకుని కాలర్లు కుట్టిన పెద్దమ్మ, ఎనిమిదో రోజు తన రెండు బిళ్ళలూ తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది.

కూడలి బాత్రూములకి మనిషి కావాలని నగరపాలక సంస్థ ప్రకటన వేస్తే దరఖాస్తు పెట్టింది. చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. కుట్టుపని చేతిలో ఉండగా ఈ ఖర్మేమిటన్నారు. మా అమ్మమ్మ అయితే మూడు నెలలు మాట్లాడలేదు. పెదనాన్న ఒక్కడే, నీకు నచ్చిందా అని అడిగాడట. నచ్చిందంది. అయితే సరే అన్నాడట. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తెచ్చే పని నాది, బయట ఇబ్బంది పడేవాళ్ళని లోపలికి పంపే పని మా ఆవిడది, ఇద్దరిదీ ఒకటే శాఖ అనేవాడు.

నేను వాళ్ళింట్లో పెరిగాను. మా అమ్మ నర్సు, బదిలీల మీద ఊళ్ళు తిరిగేది. నన్ను చదువు కోసం అక్కగారి దగ్గర వదిలింది. పెద్దమ్మకి పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. చదువయ్యాక నాకు నగర కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కౌన్సిల్ సమావేశాల్లో ఎవరేం మాట్లాడారో రాసుకుని, మర్నాడు టైపు చేసి, సూపరింటెండెంటు సంతకం పెట్టించడం నా పని. మా పెద్దమ్మ ఏం చేస్తుందని ఆఫీసులో ఎవరైనా అడిగితే మునిసిపాలిటీలో పని అనేదాన్ని. ఏ పని అని రెండో ప్రశ్న వేస్తే పారిశుద్ధ్యం అనేదాన్ని. అంతకన్నా విడమర్చేదాన్ని కాదు. ఆ సంగతి పెద్దమ్మకి తెలుసనే అనుకుంటాను. ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

కూడలిని తిరగగట్టే ప్రణాళిక ఒకటి అంతకు నాలుగేళ్ళ ముందే కౌన్సిల్లో పాసై ఉంది. డబ్బు చాలక పక్కన పడేశారు. మళ్ళీ బయటికి తీసేసరికి అందులో చాలా మార్పులు వచ్చాయి. కూడలిలోకి కార్లు రాకూడదని నిర్ణయించారు. నేలకింద కార్లు పెట్టుకునే అంతస్తు కడదామనుకున్నది మానేశారు. ఒక ఫౌంటెన్ బదులు మూడు పెట్టారు. ఈ మార్పుల మీద జనం ఏమంటారో విని ఓటు వేద్దామని కౌన్సిల్ ఒక తేదీ పెట్టింది. ఆ నోటీసు కూడలిలో ప్రతి గోడకీ అంటించారు. పెద్దమ్మ బాత్రూముల గోడకి అంటించిన దాంట్లో మాత్రం కింద ఒక వాక్యం ఎక్కువుంది. సవరించిన ప్రణాళిక ప్రకారం ఈ కట్టడం తొలగించబడును.

ఆ సాయంత్రం నేను భయపడుతూనే ఇంటికెళ్ళాను. బాధపడుతుందనుకున్నాను. ఆమె తాపీగా బియ్యం కడుగుతోంది. కూల్చనీ, రేకులు ఎప్పుడో తుప్పుపట్టాయి అంది. కొత్తవి ఎక్కడ కడుతున్నారో మ్యాపులో చూడమంది. నేను చూడలేదని చెప్పాను. ఆఫీసులో ఉంటావు, ఆమాత్రం చూడలేదా అన్నట్టు నా వైపు ఒక చూపు చూసి, బియ్యం పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు మ్యాపు కాపీ తెచ్చాను. అది ఎవరడిగినా ఇచ్చేదే. బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, ముగ్గురం వంగి చూశాం. పచ్చటి గుండ్రాలు చెట్లు. నీలి గుండ్రాలు ఫౌంటెన్లు. చిన్న గీతలు బెంచీలు. సైకిళ్ళు ఆపుకునే చోటుంది, పూల తొట్లున్నాయి, పెంపుడు కుక్కలు నీళ్ళు తాగే తొట్టి కూడా ఉంది. పెదనాన్న లిఫ్టుల్లో వాడే టార్చిలైటు తెచ్చి మూలమూలలా వేసి చూశాడు. బాత్రూములు లేవు. పాత మ్యాపు కూడా తెమ్మంది పెద్దమ్మ. అది సంపాదించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పాత దాంట్లో ఉన్నాయి. మ్యాపు మూడో పేజీలో, నేలకింద కార్లు పెట్టే అంతస్తులో, మెట్ల పక్కన పది చిన్న చదరాలు. కొత్త ప్రణాళికలో ఆ అంతస్తు తీసేశారు కాబట్టి మూడో పేజీ మొత్తం తీసేశారు. చదరాలూ దాంతోపాటే వెళ్ళిపోయాయి. పెద్దమ్మ చాలాసేపు ఆ పేజీ మీద వేలు పెట్టి ఉంచింది. ఎవరూ కావాలని చెయ్యలేదే ఇది అంది, ఎవరో కావాలని చేసి ఉంటే బాగుండునన్నంత నీరసంగా.

మొదట పద్ధతి ప్రకారమే వెళ్ళింది. సెలవు పెట్టి ప్లానింగ్ విభాగం కౌంటరుకెళ్ళి అర్జీ ఇచ్చింది. రసీదు ఇచ్చారు. మూడు వారాలైనా జవాబు లేదు. ఇక మిగిలింది కౌన్సిల్ సమావేశంలో లేచి మాట్లాడటమే. ఎవరైనా పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఆ మాట చెప్పింది నేనే. చెప్పాకే నాకు తట్టింది. ఆమె అలా లేచి నిలబడేటప్పుడు, కౌన్సిలర్ల ముందు చిన్న బల్ల దగ్గర కాగితం కలం పట్టుకుని కూర్చునేది నేను.

"నీ ఉద్యోగానికేమైనా ఇబ్బందా?" అని అడిగింది పెద్దమ్మ.

రూలు ప్రకారం ఏ ఇబ్బందీ లేదన్నాను.

"రూలు సంగతి కాదే నేనడిగింది" అంది. నేను మ్యాపులు మడతపెట్టడం మొదలెట్టాను. ఆమె ఇంక పొడిగించలేదు.

సమావేశానికి ముందు వారం ఆమె మధ్యాహ్నం భోజనం వేళ కూడలి చుట్టూ తిరిగింది. కాఫీ హోటళ్ళూ తినుబండారాల దుకాణాలూ కలిపి పదకొండు చోట్ల లోపలికెళ్ళి, బాత్రూము వాడుకోవచ్చా అని అడిగింది. కొట్లలో అమ్మాయిలతో మాట్లాడింది. పది మంది వస్తామన్నారు. తీరా ఆ రోజుకి ఏ యజమానీ పంపలేదు. చెప్పుల కొట్టు అమ్మాయి ఒక్కతే, అది ఆమెకి వారపు సెలవు రోజు కావడంతో వచ్చింది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముగ్గురూ వెనక వరసలో కూర్చున్నారు. పేరు రాసే చీటీలో "ఏ సంస్థ తరఫున" అన్న గడి ఉంటుంది. పెద్దమ్మ అందులో "సెంటర్ బాత్రూములు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆమె పదిహేడో మనిషి.

సమావేశం రెండు గంటలకి మొదలైంది. వేరే అంశాలన్నీ తేలేసరికి నాలుగు దాటింది. ఆ తరవాత వ్యాపారుల సంఘం వాళ్ళు మాట్లాడారు. సైకిళ్ళ సంఘం వాళ్ళు మాట్లాడారు. ఒకాయన ఏ చెట్ల వేళ్ళు పైపుల్ని పగలగొడతాయో పేర్లతో సహా చెప్పాడు. ఒకావిడ ఫౌంటెన్లకి రంగు దీపాలు కావాలంది, ఇంకొకావిడ వద్దంది. మూడు నిమిషాలు కాగానే మేయరమ్మ చేతికింద గంట మోగేది. నా వేళ్ళు నొప్పిపుట్టాయి. మధ్యమధ్య తలెత్తి చూస్తే పెద్దమ్మ కళ్ళు మాట్లాడేవాళ్ళ మీద లేవు. కౌన్సిలర్ల కుర్చీల పక్కనున్న చిన్న తలుపు మీద ఉన్నాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆమె వంతు వచ్చేసరికి అయిదున్నర. మైకు ఎత్తు ఎక్కువైంది. వంచుదామని చూసింది, వంగలేదు. మెడ సాచి మొదలుపెట్టింది. ఆ మాటలు నేను రాసుకున్నవే, అందుకని ఉన్నదున్నట్టు చెప్పగలను.

"అయ్యా, అమ్మా. నేను సెంటర్లో బాత్రూములు చూసుకుంటాను. ఇరవై ఆరేళ్ళయింది. మీటింగు రెండింటికి మొదలైంది. ఇప్పుడు అయిదున్నర. ఈ మూడున్నర గంటల్లో మీ పదమూడు మందిలో పదకొండు మంది లేచి ఆ పక్క తలుపులోంచి వెళ్ళొచ్చారు. ఒకాయన రెండుసార్లు వెళ్ళారు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నా పనే అది, కళ్ళు వాటంతటవే చూసేస్తాయి."

వెనక ఎవరో నవ్వారు. తరవాత ముందు వరసలోనూ నవ్వారు. కౌన్సిలర్లలో ఒక పెద్దాయన ఎర్రబడిపోయి చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. పెద్దమ్మ నవ్వులు ఆగేదాకా ఆగింది. నేను గంట వైపు చూశాను.

"ఆ తలుపు మీకు పది అడుగుల్లో ఉంది. అందుకే కదా ఇంతసేపు కుదురుగా కూర్చుని ఊరి గురించి ఆలోచించగలుగుతున్నారు. ఇదిగో ఈ అమ్మాయి చెప్పుల కొట్లో పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదినుంచి రాత్రి ఎనిమిదిదాకా నిలబడే ఉంటుంది. కొట్లో బాత్రూం లేదు. మా దగ్గరికొస్తుంది. మీ కొత్త మ్యాపు నేను మొత్తం చూశాను. మూడు ఫౌంటెన్లున్నాయి. చెట్లున్నాయి. కుక్కలు నీళ్ళు తాగే తొట్టి ఉంది, మంచిదే, అవీ ప్రాణులే. మనుషులు వెళ్ళే చోటు లేదు. పాత మ్యాపులో ఉంది. నేలకింద అంతస్తులో పది గదులు గీశారు. ఆ అంతస్తు తీసేసినప్పుడు అవీ పోయాయి. ఎవరూ కావాలని తియ్యలేదు. ఎవరికీ గుర్తురాలేదు, అంతే. ఆ గుర్తురాకపోవడమే నాకు కష్టంగా ఉంది. నేను దాని కోసమే వచ్చాను."

గంట మోగలేదు. ఇంకా అర నిమిషం మిగిలే ఉంది. ఆమె దండం పెట్టి వెనక్కి తిరగబోయింది. మేయరమ్మ ఆగమంది. ఆగమని, ప్లానింగ్ ఆఫీసరు వైపు చూసి, ఆవిడ చెప్పింది నిజమేనా అని అడిగింది.

ప్లానింగ్ ఆఫీసరు నలభై దాటని మనిషి. ఆ ప్రణాళిక మీద రెండేళ్ళుగా రాత్రింబవళ్ళు పనిచేసినవాడు. ముందున్న పుస్తకంలో పేజీలు తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"నిజమేనండీ" అన్నాడు చివరికి. "పొరపాటు జరిగింది. నేను చూసుకోలేదు."

అతని మీద నాకు ఆ క్షణంలోనే గౌరవం పుట్టింది. అంతమంది ముందు ఆ మాట అనడం తేలికేం కాదు. వ్యాపారుల తరఫు కౌన్సిలరు ఒకాయన కలగజేసుకుని, అక్కడ కాఫీ హోటళ్ళు ఎన్నో వస్తాయి, జనం వాటిల్లో వెళ్తారు, దీనికి ఇంత చర్చ ఎందుకన్నాడు. నేను వెళ్ళి అడిగానండీ అంది పెద్దమ్మ, మైకు లేకుండానే. ఇప్పుడున్న పదకొండింట్లో తొమ్మిది చోట్ల ఏదైనా కొంటేనే అన్నారని, ఒకచోట తాళమేసి ఉందని, ఒకచోట మాత్రం అక్కడ పనిచేసే పిల్ల తనని గుర్తుపట్టి పంపిందని చెప్పింది. అందాకా ఎర్రబడి కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు వెళ్ళింది నేనే, నా వయసు వచ్చేసరికి మీకందరికీ ఆవిడ మాట బాగా అర్థమవుతుంది, ఓటు వాయిదా వెయ్యండి అన్నాడు. ఈసారి నవ్వులు వేరేగా ఉన్నాయి. మూడు వారాలకి వాయిదా వేశారు.

పెద్దమ్మ వెళ్ళి కూర్చుంది. చెప్పుల కొట్టు అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. పెదనాన్న నిటారుగా, ఎవరో ఫొటో తీస్తున్నట్టు కూర్చున్నాడు.

మర్నాడు ఆఫీసులో టైపు చెయ్యడానికి కూర్చున్నాను. బయటివాళ్ళు మాట్లాడినదాన్ని తలో వాక్యంలో తేల్చెయ్యడం మా దగ్గర రివాజు. ఫలానావారు చెట్ల వేళ్ళ గురించి ప్రస్తావించారు, అంతే. పదహారు మందివి అలాగే రాశాను. పదిహేడో మనిషి దగ్గరికొచ్చేసరికి మరుగుదొడ్ల అవసరాన్ని ప్రస్తావించారు అని టైపు కొట్టి, ఆ వాక్యాన్ని కాసేపు చూశాను. చెరిపేసి, ఆమె మాట్లాడిందంతా మాట పొల్లుపోకుండా టైపు చేశాను. పేజీ నిండింది.

సూపరింటెండెంటు అది చదివి నన్ను పిలిచాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళలో ఏ పౌరుడి మాటా ఇంత రాయలేదు, ఇదేమిటన్నాడు. ఓటు వాయిదా పడింది ఈ మాటల వల్లనే కాబట్టి మాటలు ఉండాలన్నాను.

"ఎవరీవిడ?"

"మా పెద్దమ్మండీ. సెంటర్లో బాత్రూములు కడిగి శుభ్రంగా ఉంచేది ఆవిడే. నన్ను పెంచింది."

ఆయన మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని మొదట్నుంచి చదివాడు. రెండో పేరాలో ఒక కామా ఎక్కువైంది, అది తియ్యి అన్నాడు. సంతకం పెట్టాడు. నా సీటులోకి వచ్చి కూర్చున్నాక చూస్తే, పక్క బల్లల వాళ్ళందరూ విన్నారు. వాళ్ళలో ఒకావిడ, మా అమ్మాయి కాలేజీ సెంటర్లోనే, మీ పెద్దమ్మగారిని రోజూ చూస్తుంటుంది అంది. అప్పటిదాకా ఆఫీసులో ఎవరినీ మా ఇంటికి పిలవని నేను, ఆ ఆదివారం ఆవిడని పిలిచాను.

నాలుగు రోజుల తరవాత ప్లానింగ్ ఆఫీసరు టేపు పట్టుకుని కూడలికి వెళ్ళాడు. ఈ సంగతులు పెద్దమ్మ చెప్పగా విన్నవి. ఆయన వస్తూనే క్షమాపణలాంటిదేదో మొదలుపెట్టబోతే ఆమె అడ్డుకుని, అయిదింటికి రండి సార్, ఆఫీసులూ కాలేజీలూ వదిలే వేళ, ఇప్పుడు చూసి లాభం లేదు అందట. ఆయన నిజంగానే అయిదింటికి వచ్చాడు. ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడి గంటసేపు వరసని చూశాడు. ఆడవాళ్ళ వైపు వరస గుమ్మం దాటి బస్టాండు గోడ చివరిదాకా పోయింది. మగవాళ్ళ వైపు ఇద్దరు ముగ్గురికి మించలేదు. ఆయన దగ్గరికొచ్చి, పాత మ్యాపులో అయిదూ అయిదూ గీశాం కదా అన్నాడు. సగం సగం గీస్తే సమానం అనుకుంటారు సార్, ఆడవాళ్ళకి బట్టలున్నాయి, చంటిపిల్లలుంటారు, బరువులుంటాయి, ఒక్కొక్కరికీ పట్టే సమయం వేరు అందామె. ఆయన రాసుకున్నాడు.

ఆ తరవాత ఇంకో నాలుగుసార్లు వచ్చాడు. కడగడానికి నేల ఏ వైపు వాలాలో, గడియ ఎంత ఎత్తులో ఉంటే పిల్లలు లోపల ఇరుక్కోరో, చూసుకునే మనిషికి కిటికీ ఎటు ఉండాలో పెద్దమ్మ చెప్తూ పోయింది. ఇంట్లో రోజూ పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూడా ఏదో ఒకటి గుర్తొచ్చి నన్ను రాసిపెట్టమనేది.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. కొత్త గదులు కూడలి వెనక సందులో, ట్రాన్స్‌ఫార్మరు పక్కన కడదామని ప్రణాళిక గీసే కంపెనీవాళ్ళు సూచించారు. ముందు భాగంలో ఉంటే చూపుకి బాగుండదట. ఆఫీసరుకీ అదే సులువనిపించింది. పెద్దమ్మ ఆయన్ని ఆ సందులోకి తీసుకెళ్ళింది. సాయంత్రం ఆరున్నర. లోపలికెళ్ళేకొద్దీ వెలుతురు తగ్గిపోయింది.

"మీ ఇంట్లో ఆడపిల్లని ఈ వేళప్పుడు ఇక్కడికి ఒక్కదాన్నీ పంపుతారా సార్?"

ఆయన పంపనన్నాడట.

"ఎవరూ రాని చోట ఎంత బాగా కడితే మాత్రం ఏం లాభం? ముందు పెట్టండి. శుభ్రంగా ఉంటే చూపుకి ఎందుకు బాగుండదో నాకు తెలీదు. మా దగ్గర ఇరవై ఆరేళ్ళుగా బాగానే ఉంది."

రెండో సమావేశంలో ఆయన స్వయంగా లేచి సవరణ చదివాడు. మూడు ఫౌంటెన్లలో ఒకటి తీసేసి, ఆ స్థలంలో, కూడలికి ముఖంగా పన్నెండు గదులు. ఎనిమిది ఆడవాళ్ళకి, నాలుగు మగవాళ్ళకి. చూసుకునే మనిషికి కిటికీ ఉన్న చిన్న గది. వ్యాపారుల తరఫు కౌన్సిలరు ఫౌంటెన్ పోవడానికి ఒప్పుకోలేదు. వాదన గంట నడిచింది. చేతులెత్తమంటే ఎనిమిది లేచాయి, అయిదు లేవలేదు. నేను ఎనిమిది అని రాసి, మళ్ళీ తలెత్తి లెక్కపెట్టుకుని, ఆ అంకె కింద ఒక గీత గీశాను. అధికార పత్రంలో అలా గీయకూడదు. గీశాను.

అనుకున్నదంతా జరిగిందని చెప్పలేను. వెలుతురు కోసం పైకప్పులో అద్దాలు పెట్టమని పెద్దమ్మ అడిగింది, పెట్టలేదు. కట్టడం ఏడాదన్నారు, రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ ఆమె రోడ్డవతల రేకుల పెట్టెల్లాంటి తాత్కాలిక గదుల్లో, ఎండాకాలం చెమటలు కక్కుతూ పనిచేసింది. అవి కూడా తళతళలాడేవే. కొత్తవి తెరవడానికి నాలుగు నెలల ముందు ఆమెకి వయసు నిండి ఉద్యోగం ముగిసింది. ఆ రోజు ఆఫీసులో ఒక శాలువా కప్పి పంపేశారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడతపెట్టి, ఏం చెయ్యాలో తోచక, మా ఇంటి బాత్రూము కొళాయి విప్పి వాషరు మార్చింది. బాగానే ఉన్న కొళాయి అది.

అయితే ప్లానింగ్ ఆఫీసరు ఆమెని మరిచిపోలేదు. కొత్త గదులకి నలుగురు మనుషుల్ని తీసుకున్నప్పుడు, వాళ్ళకి వారం రోజులు పని నేర్పమని రాతపూర్వకంగా ఉత్తరం పంపాడు. "శిక్షకురాలు" అని ఉంది అందులో. పెదనాన్న ఆ మాటని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రకరకాల గొంతులతో చదివి వినిపించాడు. శిక్షకురాలుగారూ కాఫీ ఇస్తారా, శిక్షకురాలుగారూ నా కళ్ళజోడెక్కడ. పెద్దమ్మ పైకి విసుక్కుంది గానీ, ఆ వారం రోజులూ ఇస్త్రీ మడత నలగని బట్టలే కట్టుకుని వెళ్ళింది. ఒకరోజు మధ్యాహ్నం నేను అటు వెళ్ళి చూశాను. నలుగురూ కొత్త గుమ్మంలో వరసగా కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ళ వెనక తిరుగుతూ, ఎన్నో గది, ఎన్నో గది అని అడుగుతోంది. ఆరోది అని ఒకమ్మాయి చెప్పింది. పెద్దమ్మ వెళ్ళి ఆరో గది తలుపు తీసి చూసి, పిల్ల పనికొస్తుంది అంది.

తెరిచిన రోజు మేయరమ్మ ఫౌంటెన్ల దగ్గర రిబ్బను కత్తిరించింది. బాత్రూములకి ఎవరూ రిబ్బను కట్టలేదు. మేం ముగ్గురం ఒక బెంచీ మీద కూర్చుని చూశాం. ఉపన్యాసాలు సాగుతుండగానే ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని, సంచి భుజాన వేలాడుతుండగా, పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. కాసేపటికి నింపాదిగా బయటికొచ్చి, పిల్లకి ఫౌంటెన్ చూపిస్తూ నిలబడింది. పెద్దమ్మ ఆవిడ నడక మారడాన్ని కళ్ళార్పకుండా చూసింది. నేను పెద్దమ్మని చూశాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మొన్నామధ్య ప్లానింగ్ ఆఫీసరు ఏదో కాగితం కోసం నా బల్ల దగ్గరికొచ్చి, మీ పెద్దమ్మగారికి ఒక మాట చెప్పండన్నాడు. నగరంలో ఏ కొత్త ప్రణాళిక వచ్చినా ఆమోదానికి ముందు సరిచూసుకునే జాబితా ఒకటి వాళ్ళ విభాగంలో ఉంటుంది. చెట్లు, దీపాలు, మురుగుకాలవలు, అంగవైకల్యం ఉన్నవాళ్ళకి వాలుదారులు, ఇలా ముప్ఫై ఒక్క అంశాలు. ఈ నెల నుంచి ముప్ఫై రెండు చేశారట. ముప్ఫై రెండోది, ప్రజలకి బాత్రూములు ఎక్కడ, ఎన్ని, ముందువైపేనా. అది లేకపోతే ఇక కాగితం కదలదట. మార్కెట్ వీధి ప్రణాళిక ఒకటి ఆ గడి ఖాళీగా ఉందని అప్పుడే వెనక్కి వెళ్ళిందట.

నేను ఉండబట్టలేక ఆ సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఇంటికెళ్ళాను. పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని పెదనాన్న చొక్కాకి బొత్తం కుడుతోంది. ఊపిరి పీల్చుకుని అంతా చెప్పాను. ముప్ఫై రెండో అంశం, ముందువైపేనా అన్న మాట, వెనక్కి వెళ్ళిన ప్రణాళిక. పెదనాన్న చొక్కా లేకుండానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

పెద్దమ్మ సూది ఆపి నా వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ లేదా?" అంది.